కిరాణా కౌంటరులో వెబ్ పేజీ: కాటాతో, ప్రింటరుతో ఎలా మాట్లాడుతుంది?

మండల కేంద్రాల్లోని కిరాణా కొట్లలో కూడా ఇప్పుడు బిల్లు కంప్యూటరే కొడుతోంది. కౌంటరు మీద ఒక తెర, దాని చుట్టూ నాలుగు పరికరాలు ఉంటాయి: బార్‌కోడ్ స్కానర్, ఎలక్ట్రానిక్ కాటా, చిన్న థర్మల్ ప్రింటరు, దాని కింద గల్లా పెట్టె. సబ్బును స్కానర్ ముందు పెడితే ధర తెర మీద పడుతుంది. కందిపప్పు కాటా మీద పెడితే బరువు దానంతటదే బిల్లులోకి వెళుతుంది. చివర ఒక మీట నొక్కగానే కాగితం బయటికొస్తుంది, గల్లా తెరుచుకుంటుంది.

ఇలాంటి ప్రోగ్రాములు కొన్నింటిని విప్పి చూస్తే లోపల ఉండేది ఒక వెబ్ పేజీ. వెబ్‌సైట్లు కట్టే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్‌లతోనే దాన్నీ కట్టారు. అయితే మామూలు వెబ్ పేజీకి కంప్యూటరుకు తగిలించిన పరికరాల జోలికి వెళ్ళే హక్కు లేదు. బ్రౌజరు దాన్ని కావాలనే దూరంగా ఉంచుతుంది. మరి ఈ పేజీ కాటా బరువును ఎలా చదివింది? గల్లా పెట్టెను ఎలా తెరిచింది? ఆ దారి తెలుసుకుంటే మన కంప్యూటర్లలో నమ్మకం అనేది ఎలా కట్టబడి ఉందో కూడా తెలుస్తుంది.

పేజీని ఎందుకు కట్టడి చేశారు?

మనం రోజూ తెరిచే వెబ్ పేజీలు ముక్కూ ముఖం తెలియనివాళ్ళు రాసినవి. పేజీ తెరిచామంటే వాళ్ళు రాసిన ప్రోగ్రామును మన కంప్యూటరులో నడవనిచ్చినట్టే. అందులో ఏముందో ముందుగా చదివేవాళ్ళు లేరు. అందుకే క్రోమ్ లాంటి బ్రౌజర్లు పేజీని శాండ్‌బాక్స్ అనే కట్టడిలో నడుపుతాయి. అక్కడి ప్రోగ్రాము తనంతట తాను ఫైళ్ళు తెరవలేదు, యూఎస్‌బీ పోర్టును ముట్టుకోలేదు, మరో ప్రోగ్రామును నడిపించలేదు. ఏది కావాలన్నా బ్రౌజరును అడగాలి. ఇవ్వాలా వద్దా అన్నది బ్రౌజరు నిర్ణయిస్తుంది.

ఈ కట్టడి ఉండబట్టే వెబ్ ఇంతగా ఎదిగింది. కొత్త వెబ్‌సైటు తెరవడానికి జంకనవసరం లేని పరిస్థితి దాని వల్లే వచ్చింది. కానీ కిరాణా కొట్టు ప్రోగ్రాము పరాయిది కాదు. యజమాని కొని, తెలిసే తన కంప్యూటరులో పెట్టుకున్నాడు. దానికి కాటా కావాలి, ప్రింటరు కావాలి. వెబ్ సామగ్రితో తెరలు కట్టడం తేలిక. విండోస్, మాక్, లినక్స్ మూడింటికీ ఒకే తెర సరిపోతుంది. ఆ తేలికను వదులుకోకుండా పరికరాలను చేరుకునే మార్గం ఒకటి కావాల్సి వచ్చింది.

ఎలక్ట్రాన్ పుట్టుక

ఆ మార్గానికి పునాది పడింది 2009లో, రయన్ డాల్ నోడ్ జేఎస్‌ను తయారుచేసినప్పుడు. ఎక్కువగా బ్రౌజరులోనే నడిచే జావాస్క్రిప్ట్ దాంతో బయటికొచ్చి, ఫైళ్ళు తెరిచే, నెట్‌వర్క్ నడిపే పూర్తి స్థాయి ప్రోగ్రామింగ్ భాష అయింది. ఆ నోడ్‌ను, బ్రౌజరు ఇంజన్‌ను ఒకే ప్యాకేజీలో కలపడానికి ఇంటెల్‌లో రోజర్ వాంగ్ మొదలుపెట్టిన ప్రాజెక్టు నోడ్-వెబ్‌కిట్. దాని మీద పనిచేసిన చెంగ్ జావో తర్వాత గిట్‌హబ్ సంస్థ కోసం, ఆటమ్ అనే టెక్స్ట్ ఎడిటరుకు పునాదిగా, 2013లో ఆటమ్ షెల్ అనే అలాంటి ప్యాకేజీనే మొదలుపెట్టాడు. 2015లో దానికి ఎలక్ట్రాన్ అని పేరు మార్చారు. 2016 మేలో 1.0 వెర్షన్ వచ్చింది. ఆటమ్ ఎడిటరును 2022 డిసెంబరులో ఆపేశారు గానీ ఎలక్ట్రాన్ మాత్రం నిలిచింది. ప్రోగ్రామర్లు విరివిగా వాడే వీఎస్ కోడ్ దీని మీదే నడుస్తుంది. స్లాక్, డిస్కార్డ్ డెస్క్‌టాప్ యాప్‌లూ అంతే.

ఎలక్ట్రాన్ యాప్‌లో ప్రధానంగా రెండు రకాల ప్రాసెస్‌లు ఉంటాయి. తెర మీది పేజీని చూపించేది రెండరర్ ప్రాసెస్. అది క్రోమ్‌లో పేజీ నడిచినట్టే నడుస్తుంది. రెండోది మెయిన్ ప్రాసెస్. అక్కడ నోడ్ ఉంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌తో నేరుగా మాట్లాడే అధికారమూ ఉంటుంది. పేజీకి పరికరంతో పని పడితే మెయిన్‌కు సందేశం పంపాలి. మెయిన్ ఆ పని చేసి జవాబు పంపుతుంది. కౌంటరులో ఉన్న ఒక్కో పరికరాన్నీ పలకరిస్తూ వెళితే ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

స్కానర్: కీబోర్డు వేషంలో

నాలుగింటిలో సులువైనది స్కానర్. మామూలుగా అది కంప్యూటరుకు తాను కీబోర్డునని చెప్పుకుంటుంది. యూఎస్‌బీ పరికరం ఏదైనా తగిలించగానే 18 బైట్ల చిన్న పట్టికతో తన పరిచయం చెప్పుకోవాలి. తయారీ సంస్థ నంబరు, మోడల్ నంబరు అందులో ఉంటాయి. తాను ఏ తరగతి పరికరమో కూడా ఆ పరిచయ సమయంలోనే తెలుస్తుంది. 1996లో అజయ్ భట్ తదితర ఇంటెల్ ఇంజినీర్ల కృషితో వచ్చిన యూఎస్‌బీ ప్రమాణంలో ఇదే కీలకం. కీబోర్డులు, మౌస్‌లు మూడో తరగతి, ప్రింటర్లు ఏడో తరగతి, పెన్‌డ్రైవ్‌లు ఎనిమిదో తరగతి.

స్కానర్ కీబోర్డు తరగతిలో చేరిపోవడం వల్ల దానికి ప్రత్యేకంగా డ్రైవరు అక్కర్లేదు. బార్‌కోడ్‌లోని 13 అంకెలనూ టకటకా టైపు చేసి చివర ఎంటర్ కొడుతుంది. పేజీకి అవి మామూలు కీబోర్డు మీటల్లాగే వస్తాయి. టైపు చేసింది మనిషా, స్కానరా అన్నది మీటకూ మీటకూ మధ్య ఎంత సమయం గడిచిందో చూసి ప్రోగ్రాము పోల్చుకుంటుంది. అంత వేగంగా మనిషి వేళ్ళు కదలవు.

తెలుగులో పనిచేసేవాళ్ళకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. కీబోర్డు పంపేది అక్షరాన్ని కాదు, ఏ మీట నొక్కారన్న సంఖ్యను. ఆ మీటకు ఏ అక్షరమో తేల్చేది ఆపరేటింగ్ సిస్టమ్. సరుకు పేరు తెలుగులో టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎంచుకుని, దాన్ని మార్చకుండానే స్కాన్ చేస్తే, ఇంగ్లీషు అక్షరాలున్న బార్‌కోడ్ తెలుగు అక్షరాల గజిబిజిగా తెర మీద పడుతుంది. స్కానరుతో వచ్చే చిన్న పుస్తకంలో దాన్ని సీరియల్ పద్ధతిలోకి మార్చే బార్‌కోడ్ సాధారణంగా ఉంటుంది. దాన్ని ఒకసారి స్కాన్ చేస్తే కీబోర్డు వేషం పోతుంది, అక్షరాలు ఉన్నవున్నట్టు వస్తాయి. అయితే అప్పుడు ప్రోగ్రాము కూడా దాన్ని కీబోర్డులా కాకుండా పోర్టు తెరిచి చదవాలి.

కాటా: పాత తీగల భాష

చాలా కాటాలు ఇప్పటికీ వాడేది 1960లో అమెరికాలో రూపొందిన ఆర్‌ఎస్-232 ప్రమాణం. ఒకే తీగ మీద బిట్ తర్వాత బిట్ వరసగా వెళుతుంది. రెండు వైపులా వేగం ముందే కుదుర్చుకుని ఉండాలి. తరచు కనిపించే వేగం 9600 బాడ్. ప్రతి అక్షరానికీ 8 బిట్లతో పాటు మొదట ఒకటి, చివర ఒకటి కలిపి 10 బిట్లు పడతాయి. అంటే సెకనుకు 960 అక్షరాలు. బరువు చెప్పడానికి అది చాలా ఎక్కువ.

ఇప్పటి కంప్యూటర్లలో ఆ పాత సాకెట్టు లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టరు కేబుల్ పెడతారు. అప్పుడు విండోస్‌లో కామ్3, కామ్5 లాంటి పేరుతో పోర్టు ఒకటి పుడుతుంది. మెయిన్ ప్రాసెస్‌లో నోడ్ సీరియల్‌పోర్ట్ అనే లైబ్రరీతో దాన్ని తెరిచి చదవడం వాడుకలో ఉన్న పద్ధతి.

కొత్తగా రాసేవాళ్ళు మొదట తడబడేది ఇక్కడే. కాటా "1.250" అని పంపితే ప్రోగ్రాముకు అది ఒక్క ముక్కగా రావాలని లేదు. ముందు "1.2", కొంచెం ఆగి "50" రావచ్చు. మొదటి ముక్క రాగానే బరువు వచ్చేసిందనుకుంటే 50 గ్రాముల ధర పోయినట్టే. అందుకే వచ్చిన అక్షరాలను పోగేస్తూ, పంక్తి ముగింపు గుర్తు కనిపించాకే సంఖ్యను చదవాలి. పప్పు పోసిన వెంటనే కాటా సూచిక ఊగిసలాడుతుంది. కొన్ని కాటాలు బరువు నిలకడగా ఉందో లేదో కూడా పంక్తిలోనే చెబుతాయి. చెప్పనివాటి విషయంలో వరసగా కొన్ని సార్లు ఒకే అంకె వచ్చేదాకా ఆగాలి. మన దేశంలో వ్యాపారానికి వాడే కాటాను 2009 నాటి తూనికలు కొలతల చట్టం కింద తనిఖీ చేసి ముద్ర వేస్తారు. ఆ ముద్ర నిజాయితీ బిల్లు దాకా చేరాలంటే మధ్యనున్న ప్రోగ్రాము కూడా అంత నిక్కచ్చిగా చదవాలి.

పోర్టు పేరును నమ్ముకోవడం ఇంకో పొరపాటు. ఈ రోజు కామ్3గా ఉన్న కాటా రేపు పక్క సాకెట్టులో పెడితే కామ్6 కావచ్చు. నిలకడగా ఉండేది పరికరం చెప్పుకున్న సంస్థ నంబరు, మోడల్ నంబరు, ఉంటే సీరియల్ నంబరు. మంచి ప్రోగ్రాము వాటినే గుర్తు పెట్టుకుంటుంది. కేబుల్ ఊడితే చెబుతుంది, మళ్ళీ పెట్టగానే తనే కలుపుకుంటుంది.

ప్రింటరు: తెలుగు బిల్లు వెనకున్న లెక్క

కౌంటరు మీది థర్మల్ ప్రింటర్లలో చాలా భాగం ఎప్సన్ సంస్థ రూపొందించిన ఆదేశాల భాషనే అర్థం చేసుకుంటాయి. అందులో ఆదేశమంటే కొన్ని సంఖ్యల వరస. 27, 64 పంపితే ప్రింటరు మొదటి స్థితికి వస్తుంది. 29, 86తో మొదలయ్యే ఆదేశం కాగితాన్ని కోస్తుంది. గల్లా పెట్టె తీగ కంప్యూటరుకు కాదు, ప్రింటరుకే తగిలించి ఉంటుంది. 27, 112, 0, 25, 250 అనే ఐదు సంఖ్యలు అందగానే ప్రింటరు ఆ తీగలోకి 50 మిల్లీసెకన్ల పాటు విద్యుత్తు పంపుతుంది, గల్లా గొళ్ళెం ఊడుతుంది. ఆ 25 అన్న అంకెను రెట్టింపు చేస్తే వచ్చేదే ఈ 50.

ఇంగ్లీషు బిల్లు అయితే అక్షరాలను అలాగే పంపేయొచ్చు. ప్రింటరు లోపలే వాటి రూపాలు ఉంటాయి. తెలుగు బిల్లు అలా కుదరదు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాల వరస: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. యూటీఎఫ్-8లో అవి 18 బైట్లవుతాయి. మామూలు ప్రింటరు వాటిని 18 వేరువేరు గుర్తులనుకుని పిచ్చిగీతలు కొడుతుంది. ఏ వత్తు ఎక్కడ పడాలో, ఏ గుడి ఏ హల్లుకు అతకాలో దానికి తెలియదు.

వెబ్ సామగ్రితో కట్టిన యాప్‌కు ఇక్కడ పెద్ద బలం ఉంది. ఎలక్ట్రాన్ లోపలి బ్రౌజరు ఇంజన్ క్రోమియంలో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఉంది. గుణింతాలనూ వత్తులనూ సరిగ్గా కూర్చడమే దాని పని. కాబట్టి బిల్లును పేజీలోనే ఒక కాన్వాస్ మీద తెలుగులో గీయించి, ఆ బొమ్మను నల్లచుక్కలు తెల్లచుక్కలుగా మార్చి, చుక్కలనే ప్రింటరుకు పంపొచ్చు. 58 మిల్లీమీటర్ల కాగితం వాడే ప్రింటరు సాధారణంగా అడ్డంగా 384 చుక్కలు వేస్తుంది. ఎనిమిది చుక్కలు ఒక బైట్‌లో ఇమిడితే వరసకు 48 బైట్లు. మిల్లీమీటరుకు 8 వరసలు కాబట్టి 10 సెంటీమీటర్ల బిల్లుకు 800 వరసలు, మొత్తం 38,400 బైట్లు. అంతే పొడవు ఇంగ్లీషు బిల్లు అక్షరాలుగా పంపితే వెయ్యి బైట్లు కూడా దాటదు.

ఈ తేడా తీగ మీద తెలుస్తుంది. 9600 బాడ్ సీరియల్ కేబుల్ మీద ఆ తెలుగు బిల్లు వెళ్ళడానికి 40 సెకన్లు పడుతుంది. వరసలో నిలబడ్డవాళ్ళు అంతసేపు ఓపిక పట్టరు. వేగాన్ని 115200కు పెంచితే మూడున్నర సెకన్ల లోపే అయిపోతుంది. యూఎస్‌బీ మీదైతే తీగ వేగం గురించి ఆలోచించాల్సిన పనే ఉండదు. తెలుగు బిల్లు ఇవ్వడం యంత్రానికి చేతకాని పని కాదని ఈ లెక్క చెబుతోంది. సరైన తీగ, సరైన పద్ధతి ఎంచుకుని రాసే మనిషి ఉంటే చాలు. కొనేవాళ్ళు తమ భాషలో బిల్లు అడగడం న్యాయమే, అమ్మేవాళ్ళు ఇవ్వగలగడం సాధ్యమే.

రెండు దారులు

ఇప్పటిదాకా చెప్పిన పరికరాలను చేరడానికి ప్రోగ్రామరు ముందు రెండు దారులున్నాయి. మొదటిది నోడ్ వైపు నుంచి నేటివ్ మాడ్యూల్ వాడడం. సీరియల్‌పోర్ట్ లాంటి లైబ్రరీలో పైభాగం జావాస్క్రిప్ట్, లోపలి భాగం సీ++. ఆ లోపలి భాగమే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలుస్తుంది. శక్తిమంతమైన దారే గానీ, ఒక ఇబ్బంది ఉంది. సీ++ భాగాన్ని ఏ నోడ్ వెర్షన్ కోసం కంపైల్ చేశారో దానితోనే పొసుగుతుంది. మామూలు నోడ్ కోసం కట్టిన మాడ్యూల్ ఎలక్ట్రాన్‌లో మొరాయిస్తుంది, దానికోసం మళ్ళీ కట్టాలి. వెర్షన్ మారినా చెక్కుచెదరని నోడ్-ఏపీఐ అనే ఇంటర్‌ఫేస్ వచ్చాక, దాన్ని వాడే లైబ్రరీల విషయంలో ఈ బాధ తగ్గింది.

రెండోది బ్రౌజరు ఇచ్చే దారి. పరికరాలను పేజీల నుంచే, అనుమతితో వాడుకునేలా గూగుల్ ఇంజినీర్లు కొత్త ఏపీఐలు (ప్రోగ్రాములు పిలుచుకునే ద్వారాలు) తెచ్చారు. 2017లో క్రోమ్‌లో వెబ్ బ్లూటూత్, ఆ తర్వాత వెబ్‌యూఎస్‌బీ వచ్చాయి. 2021 మార్చిలో క్రోమ్ 89తో వెబ్ సీరియల్, వెబ్‌హెచ్‌ఐడీ వచ్చాయి. క్రోమ్‌లో వీటి పద్ధతి స్పష్టం: వాడుకరి ఏదో ఒక మీట నొక్కితేనే పేజీ అడగగలదు. అడిగినప్పుడు బ్రౌజరే పరికరాల జాబితా చూపుతుంది. వాడుకరి ఎంచుకున్న పరికరం ఒక్కటే పేజీకి అందుతుంది, మిగతావి ఉన్నాయని కూడా దానికి తెలియదు. కీబోర్డులు, మౌస్‌ల నుంచి వచ్చే ఇన్‌పుట్‌ను ఈ దారిలో చదవడం నిషిద్ధం. లేకపోతే పాస్‌వర్డ్ టైపు చేస్తుండగా పేజీ పొంచి చదివేయగలదు.

ఎలక్ట్రాన్‌లోనూ ఈ ఏపీఐలు పనిచేస్తాయి. కానీ బ్రౌజరు చూపే ఆ జాబితా ఇక్కడ దానంతటదే రాదు. ఏ పరికరాలు ఉన్నాయో మెయిన్ ప్రాసెస్‌కు కబురు వస్తుంది. ఏది ఇవ్వాలో తేల్చేది, కావాలంటే జాబితా చూపేది యాప్ రాసినవాళ్ళే. అంతేకాదు, ప్రోగ్రామరు ప్రత్యేకంగా రాయకపోతే పేజీ అడిగే అనుమతులన్నిటినీ ఎలక్ట్రాన్ మారుమాట లేకుండా ఇచ్చేస్తుంది. బ్రౌజరులో గూగుల్ మోసే బాధ్యతను ఇక్కడ మోయాల్సింది యాప్ రాసిన మనిషే.

ఆపరేటింగ్ సిస్టమ్ అడ్డు కూడా ఉంది. విండోస్‌లో ప్రింటరును ఇప్పటికే విండోస్ డ్రైవరు పట్టుకుని ఉంటే వెబ్‌యూఎస్‌బీకి అది చిక్కదు. డ్రైవరును బలవంతంగా మారిస్తే మిగతా ప్రోగ్రాముల్లో ప్రింటు ఆగిపోతుంది. అలాంటి చోట ఆ సంఖ్యల వరసను విండోస్ ప్రింట్ క్యూ ద్వారానే మార్పు లేకుండా పంపడం మేలు. లినక్స్‌లో సీరియల్ పోర్టు తెరవాలంటే వాడుకరిని సంబంధిత గ్రూపులో చేర్చాలి. ఉబుంటు, డెబియన్‌లలో దాని పేరు డయలౌట్. యాప్‌లో తప్పేమీ లేకపోయినా "అనుమతి లేదు" అని వచ్చే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదే.

మూడో దారి: పక్కన కూర్చున్న సహాయకుడు

ఇంకో పద్ధతి మన దేశంలో లక్షల మందికి తెలియకుండానే పరిచయం. బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి డబ్బు తీసుకునేటప్పుడు వేలిముద్ర యంత్రం ఆ ముద్రను కంప్యూటరులోని వెబ్ పేజీకి నేరుగా ఇవ్వదు. ఆధార్ నిబంధనల ప్రకారం వేలిముద్ర యంత్రం తయారుచేసిన సంస్థ ఆర్‌డీ సర్వీస్ అనే చిన్న ప్రోగ్రామును ఆ కంప్యూటరులో పెడుతుంది. అది 127.0.0.1 అనే సొంత చిరునామాలో, 11100 నుంచి 11120 వరకున్న పోర్టుల్లో ఒకదాని మీద ఎదురుచూస్తుంటుంది. "ముద్ర తీసుకో" అని పేజీ అడుగుతుంది. సర్వీసు ముద్ర తీసుకుని, సంతకం చేసి, ఆధార్ సంస్థ మాత్రమే విప్పగలిగేలా గూఢ సంకేతంలో పెట్టి పేజీకి ఇస్తుంది. పేజీ దాన్ని మోసుకెళుతుంది, చదవలేదు. లెవెల్-1 అనే పై భద్రతా స్థాయి యంత్రాల్లో ఈ సంతకం, సంకేత లేఖనం రెండూ కంప్యూటరులోని మామూలు ప్రోగ్రాములకు అందని భద్రమైన భాగంలోనే జరుగుతాయి.

ఆర్డుయినో ఐడీఈ 2లోనూ ఇలాంటి విభజనే ఉంది. మన ఊళ్ళ బడుల్లోని అటల్ టింకరింగ్ ల్యాబుల్లో పిల్లలు దీపాలు వెలిగించే ఆర్డుయినో బోర్డుకు ప్రోగ్రాము ఎక్కించేది ఇలాంటి సాఫ్ట్‌వేరే. తెర ఎలక్ట్రాన్‌తో కట్టింది. బోర్డుతో మాట్లాడేది మాత్రం గో భాషలో రాసిన వేరే ప్రోగ్రాము. తెర ఆగిపోయినా పోర్టు పని చేసే భాగం వేరుగా ఉంటుంది. ఆ భాగాన్ని విడిగా పరీక్షించొచ్చు, మరోచోట కూడా వాడుకోవచ్చు.

ఎంత అధికారం ఇవ్వాలి?

ఇంత దారి చూశాక అసలు ప్రశ్న మిగులుతుంది. పరికరాన్ని అందుకోవడం కష్టం కాదు. పేజీకి ఎంతవరకు అందించాలి అన్నదే కష్టం.

ఎలక్ట్రాన్ తొలి రోజుల్లో పేజీలోనే నోడ్ మొత్తం అందుబాటులో ఉండేది. పేజీ నుంచే ఫైలు తెరవొచ్చు, పోర్టు తెరవొచ్చు. రాయడానికి హాయిగా ఉండేది. కానీ సరుకుల జాబితాను బయటి నుంచి తెచ్చుకున్నప్పుడు, ఒక సరుకు పేరులో ఎవరైనా హెచ్‌టీఎంఎల్ ముక్క దాచి పెడితే? పేజీ దాన్ని పేరుగా కాకుండా ప్రోగ్రాముగా నడిపిస్తే? మామూలు బ్రౌజరులో నష్టం ఆ పేజీ వరకే. ఇక్కడ కంప్యూటరు మొత్తం చేజారుతుంది. ఇది ఊహ కాదు. 2018 మేలో సిగ్నల్ డెస్క్‌టాప్ యాప్‌లో ఇలాంటి లోపాన్నే పరిశోధకులు బయటపెట్టారు: సందేశంలో పంపిన హెచ్‌టీఎంఎల్ అవతలివారి యాప్‌లో నడిచింది. ఆ లోపాన్ని వెంటనే సరిదిద్దారు.

ఎలక్ట్రాన్ బృందం మెట్టు మెట్టుగా కట్టడి బిగించింది. 2019లో వెర్షన్ 5 నుంచి పేజీకి నోడ్ ఇవ్వడం దానంతటదే జరగదు. 2021లో వెర్షన్ 12 నుంచి పేజీ కోడ్‌నూ, దానికీ మెయిన్‌కూ మధ్య నడిచే ప్రీలోడ్ కోడ్‌నూ విడదీశారు. 2022లో వెర్షన్ 20 నుంచి పేజీ శాండ్‌బాక్స్‌లోనే నడుస్తుంది.

ఇప్పుడు సరైన పద్ధతి బ్యాంకు కౌంటరు లాంటిది. ఖాతాదారు లోపలికొచ్చి డబ్బుల పెట్టె తెరవడు. ముందే అచ్చైన చీటీ నింపి అద్దం సందులోంచి ఇస్తాడు. లోపలున్న ఉద్యోగి చీటీ సరిచూసి, పని చేసి, ఫలితం బయటికిస్తాడు. ప్రీలోడ్ ఫైలు ఆ అద్దం సందు. పేజీకి అది ఇవ్వాల్సింది "బరువు చెప్పు", "ఈ బిల్లు కొట్టు" లాంటి రెండు మూడు చీటీలే. "పోర్టులోకి ఈ బైట్లు పంపు" అన్న చీటీ ఇచ్చారంటే, గల్లా తెరిచే ఐదు సంఖ్యలను ఎవరైనా, ఎప్పుడైనా పంపించగలరు. చిల్లర పెట్టెకు కాపలాగా మిగిలేది ఏ పేజీలో ఎవరు ఏం రాశారన్న అదృష్టమే. బిల్లు పూర్తయిందని మెయిన్ ప్రాసెస్ తానుగా నిర్ధారించుకున్నాకే గల్లా తెరవాలి. చీటీలో వచ్చిన ప్రతి అంకెనూ మెయిన్ మళ్ళీ సరిచూడాలి, పేజీ మాటను అలాగే నమ్మకూడదు.

జాగ్రత్తగా కట్టిన దారిలోనూ సందులు ఉంటాయని చరిత్ర చెబుతోంది. 2018లో మార్కస్ వెర్వియర్, మికేలె ఒర్రూ అనే పరిశోధకులు వెబ్‌యూఎస్‌బీ ద్వారా యూబీకీ నియో అనే భద్రతా తాళాన్ని మోసగించవచ్చని బెర్లిన్‌లో చూపారు. ఆ పరికరం వేర్వేరు ముఖాలతో మాట్లాడేది. బ్రౌజరు ఒక ముఖాన్ని కాపాడింది, మరోదాన్ని మరిచింది. క్రోమ్ ఆ సందును మూసింది. 2020లో ఆపిల్ వెబ్‌కిట్ బృందం వెబ్‌యూఎస్‌బీ, వెబ్‌హెచ్‌ఐడీ, వెబ్ సీరియల్, వెబ్ బ్లూటూత్‌లతో సహా 16 ఏపీఐలను సఫారీలోకి తీసుకోబోమని చెప్పింది. ఏ పరికరాలున్నాయో చూసి వాడుకరిని ఆనవాలు పట్టగలగడం వాళ్ళు చూపిన కారణం. మోజిల్లా కూడా వెబ్‌యూఎస్‌బీని హానికరమని తేల్చింది. అటు గూగుల్ వాదనా తీసిపారేసేది కాదు: అనుమతితో, ఒక్క పరికరానికే ఇచ్చే దారి లేకపోతే జనం ఏకంగా కంప్యూటరు మొత్తం మీద అధికారం ఉన్న ప్రోగ్రాములను దించుకుంటారు, అది ఇంకా ప్రమాదం. తెలియని వెబ్‌సైటు విషయంలో ఆపిల్ జాగ్రత్త నాకు సబబుగా తోస్తుంది. తెలిసి పెట్టుకున్న యాప్ విషయంలో గూగుల్ చూపిన సన్న దారే మేలు.

యాప్ బరువు విషయం కూడా చెప్పాలి. ప్రతి ఎలక్ట్రాన్ యాప్ ఒక బ్రౌజరును వెంట మోస్తుంది కాబట్టి చిన్న ప్రోగ్రామైనా స్థలం చాలా తింటుంది. 2022లో 1.0 వెర్షన్ వచ్చిన టౌరీ అనే పనిముట్టు, కంప్యూటరులో ఉన్న వెబ్ ఇంజన్‌నే వాడుకుని, పరికరాల పనిని రస్ట్ భాషలో చేయిస్తుంది. మాక్, లినక్స్‌లలో ఆ ఇంజన్ వెబ్‌కిట్ కాబట్టి వెబ్‌యూఎస్‌బీ దారి అక్కడ ఉండదు, రస్ట్ వైపు నుంచే వెళ్ళాలి. పరికరం మారినా, పనిముట్టు మారినా చేయాల్సిన విభజన మాత్రం అదే: చూపించేది ఒకరు, ముట్టుకునేది మరొకరు.

మన ఊళ్ళలో బిల్లింగ్ ప్రోగ్రాములు, ల్యాబ్ రిపోర్టు ప్రోగ్రాములు రాసే కుర్రవాళ్ళు చాలామంది వెబ్ ప్రోగ్రామింగ్‌తోనే వృత్తిలోకి వస్తున్నారు. వాళ్ళకు ఇదే చెప్పాలనుంది. పని జరగడం లేదని విసిగిపోయి కట్టడిని పూర్తిగా తీసేసే సెట్టింగు కోసం వెతక్కండి. దొరుకుతుంది, పని కూడా జరుగుతుంది, కానీ ఆ కొట్టు యజమాని మిమ్మల్ని నమ్మి తన గల్లాను, తన కాటాను, కొనేవాళ్ళ వివరాలను మీ చేతిలో పెట్టాడు. పేజీకి ఏయే పనులు అవసరమో ముందు కాగితం మీద రాసుకోండి. అంతవరకే దారి ఇవ్వండి. కొనే యజమానులు కూడా రెండు ప్రశ్నలు అడగాలి: ఈ ప్రోగ్రాము నా కంప్యూటరులో ఏ పరికరాలను ముట్టుకుంటుంది? ఆ అనుమతిని నేను చూడగలనా, వెనక్కి తీసుకోగలనా? సూటిగా జవాబు చెప్పగలిగిన ప్రోగ్రామరు ఎవరైనా, ఆ యాప్ ఎలక్ట్రాన్‌తో కట్టినా, టౌరీతో కట్టినా నమ్మదగినదే.